గాలి మేస్త్రీ, పెళ్ళి కేకూ

ఒక మనిషిని గురించి సభలో చెప్పిన అబద్ధం, ఎంత మంచి ఉద్దేశంతో చెప్పినదైనా, సరిదిద్దకుండా వదిలివేస్తే కొంతకాలానికి మనిషి మాయమై అబద్ధమే మిగులుతుంది. గడచిన నెలలో మా ఊరి చర్చిలో, చనిపోయిన గాలి మేస్త్రి గారి జ్ఞాపకార్థం ఆదరణ కూడిక జరిగింది. ముగ్గురు పెద్దలు ప్రసంగించారు. మొదటివారు ఆయన మితభాషి అన్నారు. రెండవవారు ఆయన చేతిలో ఏనాడూ ఒక్క పొరపాటు జరగలేదన్నారు. మూడవవారు, ఆయన బండి మీద చేయి వేసి ప్రార్థన చేస్తే చాలు, చెడిపోయిన ఏసీ దానంతట అదే బాగయ్యేదన్నారు. వెనుక వరుసలో కూర్చున్న బండ్ల యజమానులు నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. మేస్త్రి గారి భార్య మాత్రం ఆ శ్రమ పడలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళతోనే, భుజాలు కదిలేటట్టు నవ్వారు.

నేను కోర్టులో పేష్కారుగా పనిచేసి విరమించినవాణ్ణి. తప్పు సాక్ష్యం రికార్డులో నిలిచిపోవడం నాకు కంట్లో నలుసు వంటిది. పైగా ఆ రెండవ మాట ఆయనకు అవమానం. తన పొరపాటును ఆయన ఆనందించినంతగా మరొకరు తమ ఘనకార్యాన్నైనా ఆనందించగా నేను చూడలేదు. ఆయన చేసిన పొరపాట్లలో అత్యుత్తమమైన దానికి నేను ప్రత్యక్ష సాక్షిని. ఇంతకాలం దానిని చెప్పకపోవడానికి కారణం నా చెల్లెలు. కూడిక నుంచి తిరిగి వస్తూ, "రాసెయ్ అన్నా, ఇంక దాచి ఏం జేసుకుంటాం" అని ఆమే అన్నది. కనుక రాస్తున్నాను.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. దానిని వాడినవారు లేరు గనుక ఇక్కడా వాడను.

గూడూరు దాటి సముద్రం వైపు తిరిగే దారిలో ఆయన షెడ్డు. ముందు రేకుల పందిరి, వెనుక సరుగుడు తోపు. ఏసీ పని తప్ప మరొకటి ముట్టేవారు కారు. బ్రేకులు పట్టడం లేదని ఎవరైనా వస్తే, "ఆగకపోతే నాకేం నాయనా, పోతా ఉండేటప్పుడు చల్లగా ఉండాదా లేదా, అంతవరకే నా పూచీ" అని పక్క షెడ్డుకు పంపేవారు. నిమ్మకాయల పికప్ బండ్లు, రొయ్యల బండ్లు, పెళ్ళి కార్లు ఎండాకాలమంతా ఆయన పందిరి ముందు వరుస కట్టేవి. వరుస అన్నాను గాని, అది నా మర్యాద. నిజానికి ఎటు దూరితే అటు నిలిచి ఉండేవి.

ఆయన తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఆ తలే ఆయన ముఖ్యమైన పనిముట్టు. తొట్టిలోని నీళ్ళు మగ్గుతో ముంచి నెత్తిన పోసుకుని, తుడుచుకోకుండా బండిలోకి దూరి, డ్యాష్‌బోర్డు మీద గాలి వచ్చే జాలీకి తల ఆనించేవారు. అద్దాలు ఎక్కించమనేవారు. ఫ్యాను ఒకటి మీద పెట్టమనేవారు, రెండు మీద పెట్టమనేవారు. కళ్ళు మూసుకుని, ఎడమ చెవి మీద ఎంత గాలి, కుడి చెవి మీద ఎంత, నడినెత్తిన ఎంత అని వేరువేరుగా తీర్పు చెప్పేవారు. ఆ తీర్పు వినడానికి అటుగా పోయేవారు కూడా నిలబడేవారు.

"కంపెనీవోళ్ళు గాలి కొలిచేదానికి మీటరు చేసినారంట సార్" అని ఒకసారి నాతో అన్నారు. "దేవుడు నాకు పుట్టుకతోనే ఇచ్చినాడు. కాకపోతే కొన్నేళ్ళు జుట్టు కింద దాచిపెట్టినాడు."

ఏసీ పనిచేయడం లేదు అనే వాక్యాన్ని ఆయన ఒప్పుకునేవారు కారు. ఈ ఒక్క విషయంలో ఆయనకూ నాకూ పూర్తి ఏకాభిప్రాయం. ఒక డ్రైవరు వచ్చి, "అన్నా, ఏసీ పన్జేయలా" అన్నాడనుకోండి.

"పన్జేయలా అంటే ఏంది? చల్లదనం లేదా, గాలి లేదా?"

"రెండూ ఒకటే గదన్నా."

"ఒకటే ఎట్టవుద్దిరా? ఇంట్లో అన్నం లేకపోవడం, నీకు ఆకలి లేకపోవడం ఒకటేనా? పో, బండిలో కూర్చో, చెయ్యి పెట్టి చూసి రా. గాలొస్తా చల్లగా లేకపోతే ఒక జబ్బు. చల్లగా ఉండి గాలి రాకపోతే ఇంకో జబ్బు. ఏ జబ్బో తెలియకుండా వైద్యుడి కాడికి వస్తారంట్రా?"

డ్రైవరు తిరిగి వెళ్ళి, చేయి పెట్టి చూసి, గాలే రావడం లేదని ఒప్పుకున్న తరువాత అసలు ఉపన్యాసం మొదలయ్యేది. దానిని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ప్రతిసారీ కొత్తగానే ఉండేది.

"ఏసీ అంటే పెళ్ళిల్లురా. ఈ బ్లోయరు ఫ్యానుండాదే, ఇది పెళ్ళిపెద్ద. రండి రండని కేకలేసి జనాన్ని లోపలికి తోస్తా ఉంటాడు. ఫిల్టరుండాదే, అది గుమ్మం. దుమ్ము కాళ్ళతో లోపలికి రాకుండా ఆడ ఆపి తుడుస్తారు. కూలింగ్ కాయిలు పానకం కుండ. దాని పక్కగా పోయినోళ్ళంతా చల్లబడతారు. ఇంక ఈ ఫ్లాపులు తలుపులు. ఒకటి ముఖం మీదికి, ఒకటి కాళ్ళ కిందికి, ఒకటి అద్దం మీదికి. పందిట్లోకి జనం రాలేదంటే ఏం జరిగుంటది? పెళ్ళిపెద్ద గొంతు పోయిందా? తలుపులు బిగుసుకున్నాయా? పానకం గడ్డకట్టి దారి మూసుకుందా? గుమ్మంలో ఎవుడన్నా అడ్డంగా పండుకున్నాడా? ఇంతే గదరా! ఈ నాలుగూ తప్ప ఐదోది ఉంటే నేను ఈ షెడ్డు నీకు రాసిచ్చేస్తా."

ఆ షెడ్డును ఉచితంగా ఇచ్చినా తీసుకునేవారుండరని నా అభిప్రాయం. అంతటి అస్తవ్యస్తం. ఒకనాడు మా చెల్లెలి భర్త బండి మరమ్మతు జరుగుతుండగా, ఊరక కూర్చోలేక, ఆయన స్పానర్లన్నీ తుడిచి, చిన్నవాటి నుంచి పెద్దవాటి వరకు బల్ల మీద వరుసగా పేర్చాను. ఆయన బండి కింద నుంచి చేయి చాచి తడిమారు. మళ్ళీ తడిమారు. చివరకు బయటకు వచ్చి బల్లను చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు.

"ఏంది సార్ ఇది? నా షెడ్డును కోర్టు చేసినారే! పద్నాలుగోది టైరు కింద ఉండాలి. పన్నెండోది నా టీ గ్లాసులో ఉండాలి. ఇట్టా సర్దితే నాకు ఏదన్నా దొరుకుద్దా?"

"అక్షరక్రమం తెలిసినవారికి నిఘంటువులో మాట దొరుకుతుంది" అన్నాను.

"మా ఇంట్లో మాటలు నిఘంటువులో లేవు సార్, మా యావిడ నోట్లో ఉండాయి. అయినా యాడా తడుముకోం" అన్నారు.

ఆయనకు చర్చి గాయక బృందంలో స్థానం ఉండేది. ప్రతి కీర్తనలోనూ మొదటి చరణం మాత్రమే వచ్చు. రెండవ చరణం దగ్గర పెదవులు కదిపేవారు. పల్లవి రాగానే పైకప్పు ఎగిరిపోయేటట్టు అందుకునేవారు. మితభాషి అన్న ప్రసంగకర్త ఆ బృందానికి పెద్ద. ఏ జ్ఞాపకంతో ఆ మాట అన్నారో నాకు తెలియదు.

ఇక పొరపాట్ల సంగతి. పందిరి గుంజకు ఒక పాత బ్రేకు డ్రమ్ము వేలాడదీసి ఉండేది. తన అంచనా తప్పని తేలినప్పుడల్లా ఆయన ఇనుప కడ్డీ తీసుకుని దానిని ఖణఖణ వాయించేవారు. పంక్చరు అంగడివారు, ఐసు షెడ్డువారు, టీ కొట్టు ఆమె అందరూ వచ్చేవారు. "రండబ్బా, మేస్త్రి తప్పు జేసినాడు! గ్యాసు అయిపోయిందని చెప్పినా, గ్యాసు నిండా ఉండాది. వైరు ఎలక కొరికింది. టీ తాగండి!" అని ప్రకటించి, అందరికంటే గట్టిగా ఆయనే నవ్వేవారు. నేను కోర్టులో ఎందరెందరి తప్పులో నమోదు కావడం చూశాను. గంట కొట్టి పిలిచి తన తప్పు చెప్పుకున్న మనిషిని ఆ పందిరి కింద మాత్రమే చూశాను.

ఇప్పుడు అసలు విషయం.

మా తమ్ముడి కూతురికి తడ ప్రాంతపు కుటుంబంతో పెళ్ళి కుదిరింది. పెళ్ళి మా తమ్ముడు ఉండే సముద్రపు ఒడ్డు ఊరిలో, అక్కడి చర్చిలో. కాలం రోహిణి కార్తె. మా చెల్లెలు గూడూరులో ఇంటి దగ్గర కేకులు చేస్తుంది. అంతవరకు ఆమె చేసినవి పుట్టినరోజు కేకులే. పెళ్ళికూతురు మాత్రం, "మా అత్త చేసిన కేకే కోస్తా" అని పట్టుపట్టింది. పెళ్ళికొడుకు పెదనాన్న గారు పెద్దమనిషి, చక్కని మాటకారి. "ఇంట్లో చేసిన కేకు ఈ ఎండలో అంత దూరం వచ్చి నిలబడదమ్మా. మెడ్రాసు నుంచి నేను తెప్పిస్తా" అన్నారట. అందుకు ఆ పిల్ల, కాబోయే అత్తింటివారందరి ముందు, "నిలబడుద్ది మామయ్యా" అని ఒకే మాటతో సరిపెట్టిందట.

పెళ్ళినాటి ఉదయం మా చెల్లెలికి ఫోను చేసింది. "అత్తా, నిలబడుద్దని చెప్పేసినా. నా మాట ఇంక నీ చేతుల్లో ఉండాది."

మూడు అంతస్తుల కేకు. తెల్లటి క్రీము, అంచుల వెంట క్రీముతోనే చేసిన మల్లెలు. చెల్లెలి భర్త నిమ్మకాయల వ్యాపారి. ఆయన పికప్ బండిలో డ్రైవరు గదికి ఏసీ ఉంది. ఆయన నడపాలి, పెద్ద పెట్టె చెల్లెలి ఒడిలో, చిన్న పెట్టెలు రెండూ నా ఒడిలో. ఆ విధంగా ముగ్గురమూ బయలుదేరాము. ఊరు దాటీ దాటకముందే గాలి తగ్గింది. ఫ్యాను చప్పుడు మాత్రం రయ్యిమంటూనే ఉంది. జాలీ దగ్గర చేయి పెడితే చల్లగానే తగులుతోంది, కాని టీ చల్లార్చుకోవడానికి ఊదినంత గాలి కూడా లేదు.

"చప్పుడు చేస్తా ఉండాది గదా, వస్తాదిలే" అన్నాడు చెల్లెలి భర్త.

"చప్పుడు నా కేకుకెందుకు? గాలి కావాల!" అన్నది చెల్లెలు. పెట్టె మూత ఎత్తి చూసింది. అంచున ఒక మల్లె మెరుస్తోంది. మెరవడమంటే కరగడానికి ముందు మాట.

బండిని మేస్త్రి గారి షెడ్డుకు తిప్పాము. ఆయన అప్పుడే తలుపు వేస్తున్నారు. ఆ పెళ్ళికే గాయక బృందంతో రావలసినవారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, జేబులో మడిచిన రుమాలు. నా ఒడిలోని పెట్టెలనూ చెల్లెలి ముఖాన్నీ చూసి, ఒక్క మాట అడగకుండా చొక్కా విప్పి మేకుకు తగిలించారు. మగ్గుతో నీళ్ళు నెత్తిన పోసుకుని బండిలోకి దూరారు.

"చల్లదనం ఉండాది. గాలి లేదు" అని లోపలి నుంచి తీర్పు వచ్చింది. "గ్యాసు మంచిది. ఫ్యాను ఒకటి మీద పెట్టు బావా. రెండు. మూడు. పెళ్ళిపెద్ద గొంతు బెమ్మాండం. ఇప్పుడు కాళ్ళకు తిప్పు. అద్దానికి తిప్పు. తలుపులు తెరుచుకుంటా ఉండాయి, యాడ తెరిచినా జనం లేరు." తల బయటకు వచ్చింది. "చెల్లెమ్మా, ఇది పానకం గడ్డకట్టడం. కాయిలు మీద మంచు పేరుకుని దారి మూసేసింది. ఏసీ ఆపి ఉత్త ఫ్యాను తిప్పితే కరిగి, నీళ్ళు కింద కారతాయి. నా పేరు మీద పందెం."

ఏసీ ఆపారు. మేము పందిరి నీడలో పెట్టెలు పట్టుకుని నిలబడ్డాము. చెల్లెలు అట్టముక్కతో విసురుతోంది. షెడ్డులో ఉన్న మిగిలిన కార్లు డ్యాష్‌బోర్డులు ఊడదీసి ఉన్నాయి. మరో బండి దొరికే ఆశ లేదు. ఐసు షెడ్డు యజమాని వచ్చి పరిస్థితి కనుక్కుని, తన చేపల పెట్టె ఖాళీగా ఉందనీ, అడుగున ఐసు కూడా ఉందనీ ఉదారంగా చెప్పాడు.

"నా కేకు చేపల పెట్టెలోనా?" అన్నది చెల్లెలు.

"కడిగిందేనక్కా."

"ఏం పెట్టినావు దాంట్లో నిన్న?"

అతడు నిజాయితీపరుడు. "వంజరం" అన్నాడు.

"నువ్వు పో నాయనా, నీకు పుణ్యముంటది" అన్నది చెల్లెలు.

బండి కింద ఒక్క నీటి చుక్క రాలలేదు. మేస్త్రి గారు నేల మీద పడుకుని చూశారు. లేచి, మళ్ళీ తల పెట్టి చూశారు. గాలి అంతే. "తప్పు!" అన్నారు సంతోషంగా. చేయి కడ్డీ వైపు పోయింది.

"ఆ గంటేదో తర్వాత కొట్టుకో అన్నా, ముందు కేకు సంగతి చూడు!" అని చెల్లెలి భర్త అరిచాడు. పెద్ద పెట్టెలో ఒక వైపు మల్లెలు అప్పటికే అంచు దిగి పక్కకు జారుతున్నాయి. చెల్లెలు ఏమీ అనడం లేదు. విసరడం కూడా ఆపింది. ఆమె మాట్లాడకపోవడానికి అర్థం అందరికంటే నాకు ఎక్కువగా తెలుసు. చిన్నప్పుడు కూడా ఏడుపు రాబోయే ముందు అట్లాగే నిలబడేది.

"మేస్త్రి గారూ, మీరు చెప్పేవి నాలుగు" అన్నాను. "పెళ్ళిపెద్దను చూశారు, తలుపులు చూశారు, పానకం చూశారు. గుమ్మం చూడలేదు."

"గుమ్మంలో ఎవుడూ ఉండడు సార్" అన్నారు విసుగ్గా. "ఈ బండిలో పాత ఫిల్టరు పీకేసి ఆడ నేనే గదా..."

ఆగిపోయారు.

ఆ ముఖంలో వరుసగా జరిగిన మార్పులను నేను చక్కగా చూశాను. ముందు కనుబొమలు పైకి పోయాయి. తరువాత నోరు తెరుచుకుంది. తరువాత తల మీది నీళ్ళు వణికాయి. చివరకు ఆయన మెల్లగా టైరుకు ఆనుకుని కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వసాగారు.

"ఆడ నేనే ఉండా సార్! గుమ్మంలో అడ్డంగా పండుకున్నది నేనే!"

జరిగినదేమిటంటే, ఎండాకాలం మొదట్లో ఆయనకు ఒక ఊహ వచ్చింది. వెనుకటి రోజుల్లో కచేరీల కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి, నీళ్ళు చల్లేవారు. వేడిగాలి వాటిలోంచి చల్లగా, సువాసనగా వచ్చేది. నేను పనిచేసిన కోర్టులోనూ ఉండేవి. కిటికీకి పనికివచ్చినది బండికి ఎందుకు పనికిరాదని, ఫిల్టరు తీసివేసి, ఆ గాడిలో వట్టివేళ్ళ చాపను కొలత ప్రకారం కత్తిరించి అమర్చారు. మొదటి ప్రయోగం మా చెల్లెలి భర్త బండి మీద. వారానికి ఒకసారి గుప్పెడు నీళ్ళు చిలకరించమని చెప్పారు.

"చిలకరిస్తానే ఉండావా బావా?"

చెల్లెలి భర్త నేల చూశాడు. "చిలకరిస్తా ఉండా. ఈ పూట పెళ్ళి గదా, వాసన బాగా రావాలని..."

"వాసన బాగా రావాలని?"

"చెంబుడు పోసినా."

"చెంబుడా!" అన్నది చెల్లెలు. ఆమె నోట మాట వచ్చినందుకు నాకు ప్రాణం కుదుటపడింది.

డ్యాష్‌బోర్డు కింది అర ఊడదీసి ఆయన చేయి లోపలికి పోనిచ్చారు. బయటకు వచ్చిన వస్తువును వర్ణించడం కష్టం. కొన్ని వారాల నిమ్మతోటల దుమ్ము, దారి దుమ్ము ఆ వేళ్ళకు పట్టి, నీళ్ళకు తడిసి ఉబ్బి, గోడకు పూసే మట్టిలా బిగిసింది. దానిని రెండు చేతులతో ఎలుగుబంటి పిల్లను ఎత్తినట్టు ఎత్తి పట్టుకుని, "ఇది పుట్టింది నాకూ మా బావకూ!" అని ప్రకటించారు.

చెల్లెలు వెంటనే బండి ఎక్కబోయింది. ఆయన ఆపారు. "ఆగమ్మా. లోపల మిగిలింది ముందు నా మీదికి రానీ, నీ కేకు మీదికి కాకుండా." అద్దాలు దింపి, లోపల కూర్చుని, జాలీలకు ఎదురుగా ముఖం పెట్టి, ఫ్యాను పూర్తిగా తిప్పమన్నారు. ఆ విసురుకు గొట్టాలలో మిగిలిన బురదా వేళ్ళ ముక్కలూ ఒక్కసారిగా వచ్చి ఆయన తడి తలకు అంటుకున్నాయి. చాలాకాలం తరువాత ఆయనకు జుట్టు మొలిచింది. ఐసు షెడ్డు యజమాని, టీ కొట్టు ఆమె, నేను, చివరకు కేకు పెట్టె పట్టుకున్న మా చెల్లెలు కూడా నవ్వాము. ఆ నవ్వుకు పెట్టె కదిలింది. వెంటనే నవ్వు ఆపి పెట్టె సర్దుకుంది.

గాలి తుఫానులా వస్తోంది. ఆయన తొట్టి దగ్గర తల కడుక్కుని, కడ్డీ అందుకున్నారు.

"కొట్టబాకన్నా!" అన్నది చెల్లెలు. "నీకు దణ్ణం పెడతా. నువ్వు గంట కొడితే ఈ కత మనకంటే ముందు చర్చికి పోద్ది. బండిలో మట్టి, కేకు కారిందని పెళ్ళికొడుకు పెదనాన్న చెవిన పడితే ఆ పిల్ల ఏం మొహం పెట్టుకుంటది? ఎవురికీ చెప్పబాక. ఇంట్లో కూడా చెప్పబాక."

ఆయన చేతిలో కడ్డీ గాలిలోనే ఉంది. "ఎన్నాళ్ళమ్మా?"

"నేను చెప్పమనేదాకా."

"ఇట్టాంటి తప్పు మళ్ళా దొరకదమ్మా నాకు" అన్నారు దీనంగా. కడ్డీ కింద పెట్టారు. ఐసు షెడ్డు యజమాని, టీ కొట్టు ఆమె కూడా తల ఊపారు. తరువాత ఆయన చొక్కా చేతిలో పట్టుకుని బండి వెనుక ఎక్కి నిలబడ్డారు. దారి పొడవునా ఆ చొక్కా జెండాలా ఎగిరింది. మొదటి చరణం వినబడుతూనే ఉంది.

చర్చి పక్క గదిలో చెల్లెలు అంతస్తులను ఒకదాని మీద ఒకటి నిలిపింది. జారిన వైపును గోడకు తిప్పింది. పెళ్ళికూతురు ముసుగు సర్దుకుంటూ తలుపు సందు నుంచి తొంగిచూసి, కేకును చూసి వెళ్ళిపోయింది. పెళ్ళి జరిగింది. పందిట్లో కేకు బల్ల దగ్గర పెళ్ళికొడుకు పెదనాన్న గారు ముందే నిలబడి, చేతులు వెనుక కట్టుకుని, భవనాన్ని పరీక్షించే ఇంజనీరులా దానిని చుట్టిరావడానికి ప్రయత్నించారు. జారిన వైపుకు దారి లేకుండా నేను నిలబడ్డాను.

కేకు కోశారు. వధూవరులు ఒకరికొకరు తినిపించుకున్నారు. తరువాత పెద్దలకు ముక్కలు అందాయి. పెదనాన్న గారు నోట్లో పెట్టుకుని ఆగారు. మళ్ళీ కొంచెం కొరికారు. మా చెల్లెలి చేయి నా చేతిని పట్టుకుంది.

"అమ్మా, ఇదేం వాసన?" అన్నారాయన.

క్రీము దారి పొడవునా బండిలోని గాలినే పీల్చుకుంటూ వచ్చింది. గాడిలోంచి చాప పోయినా వట్టివేళ్ళ వాసన పోలేదు.

"బాగలేదా అండీ?" అన్నది చెల్లెలు, వినబడీ వినబడనట్టు.

"బాగలేకపోవడమా! వాన పడగానే నేల నుంచి వస్తుందే, అట్టాంటి వాసన. మెడ్రాసులో ఎంత పెద్ద అంగట్లోనూ ఇది నాకు తగల్లేదు. ఏం ఎసెన్సు వేసినావమ్మా? యాడ దొరుకుద్ది?"

ఆ సమయంలో మేస్త్రి గారు ఆయనకు సరిగ్గా ఎదురుగా, చేతిలో కేకు ముక్కతో నిలబడి ఉన్నారు. చెప్పడానికి అంతకంటే గొప్ప సందర్భం ఏ మనిషికీ దొరకదు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. తల ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరుచుకుంది. మా చెల్లెలు ఆయన వైపు ఒకసారి చూసింది. తెరిచిన నోట్లో ఆయన మొత్తం కేకు ముక్కను కుక్కుకున్నారు. అది మింగడం పూర్తికాకముందే పక్కవారి పళ్ళెంలోది తీసుకుని కుక్కుకున్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఆయనకేమైంది?" అన్నారు పెదనాన్న గారు.

"పాటగాడండీ, ఇట్టాంటి మంచి రోజున మనసు కరుగుద్ది" అన్నది చెల్లెలు. తరువాత ధైర్యం తెచ్చుకుని, "అది మా ఇంటి పద్ధతండీ, ఎసెన్సు కాదు" అన్నది. ఆ మాటలో అక్షరం అబద్ధం లేదని నేను ధ్రువీకరిస్తాను.

పెళ్ళికూతురు వేదిక మీద నుంచి అంతా విన్నది. పెదనాన్న గారి వైపు తిరిగి, "నిలబడింది గదా మామయ్యా?" అన్నది. "నిలబడిందమ్మా" అని ఆయన ఇంకొక ముక్క అడిగారు. మేస్త్రి గారు అప్పటికి పందిరి బయటకు, సముద్రం వైపు పరుగులాంటి నడకతో పోతున్నారు. ఇసుకలో కూర్చుని ఊగిపోతున్న ఆ వీపును దూరం నుంచి చూసినవారు ఆయన ఏడుస్తున్నారనుకున్నారు.

ఆ పెళ్ళి తరువాత మా చెల్లెలికి వచ్చిన చిక్కు ఏమిటంటే, అందరూ ఆ వాసన కేకే కావాలన్నారు. వట్టివేళ్ళను కడిగి, చక్కెర పాకంలో నానబెట్టి, వడకట్టే పద్ధతిని ఆమె కొంత పాడు చేసుకుని నేర్చుకుంది. మేస్త్రి గారు ఆ కేకు ఎదురైన ప్రతి పెళ్ళిలోనూ ఆమెను చూసి కనుబొమలు ఎగరేసేవారు. ఆమె తల అడ్డంగా ఊపేది. మొదట్లో అది భయం వల్ల, తరువాత ఆట కోసం. ఆయన ఈ సంగతిని చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయారన్న కబురు వచ్చినప్పుడు ఆమె మొదట అన్న మాట, "అయ్యో, ఇంక చెప్పొచ్చన్నా అని నేను అననే లేదే."

నేను చూసినంతవరకు, విన్నంతవరకు ఇది సత్యం. అయినా నా వయస్సు వయస్సే. కేకు కుడివైపు జారిందని నా జ్ఞాపకం, ఎడమవైపని చెల్లెలు అంటుంది, అసలు జారనే లేదని ఆమె భర్త వాదిస్తాడు. ఆ పందిట్లో ఉన్నవారు సరిచేయవలసింది. ఏసీ పని తెలిసినవారు బ్లోయరును గురించీ కాయిలును గురించీ నేను రాసిన దానిలో దోషముంటే మొహమాటపడకుండా ఎత్తిచూపవలసింది. అన్నింటికంటే ముఖ్యంగా, ఆయన ఈ సంగతిని చివరిదాకా ఎవరికీ చెప్పలేదని నేను రాశాను. అది నమ్మడం నాకే కష్టంగా ఉంది. ఏ టీ కొట్టు దగ్గరో, ఏ బండి కిందనో, ఆయన మీలో ఎవరి చెవిలోనైనా చెప్పుకుని ఉంటే దయచేసి నాకు తెలియజేయండి. నేను రాసిన దానిలో ఆ ఒక్క వాక్యాన్ని కొట్టివేయవలసి వస్తే నా చెల్లెలు చాలా సంతోషిస్తుంది.